అనుకోని ఇంధన విరామం (విమానయానం)

మధ్యలో ఎక్కడా ఆగకుండా గమ్యం చేరవలసిన ప్రయాణీకుల విమానం, తన వద్ద మిగిలే ఇంధనం నియమాల ప్రకారం చాలదని తేలినపుడు, దారిలోని మరొక విమానాశ్రయంలో దిగి ఇంధనం నింపుకొని తిరిగి బయలుదేరడాన్ని అనుకోని ఇంధన విరామం అంటారు. ఇది ప్రమాదం కాదు, అత్యవసర పరిస్థితి కూడా కాదు. అత్యవసర పరిస్థితి రాకుండా ముందుగానే తీసుకునే జాగ్రత్త. సుదూర ప్రయాణాలలో, ముఖ్యంగా శీతాకాలంలో తూర్పు నుండి పడమరకు వెళ్ళే విమానాలలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

విమానయాన పరిభాషలో ప్రయాణీకులను ఎక్కించుకోవడానికీ దించడానికీ కాక ఇంధనం వంటి అవసరాల కోసం ఆగడాన్ని టెక్నికల్ స్టాప్ (సాంకేతిక విరామం) అంటారు. ఈ మాట విన్న ప్రయాణీకులు విమానంలో ఏదో సాంకేతిక లోపం వచ్చిందని భయపడడం పరిపాటి. ఇక్కడ ఆ మాటకు లోపంతో సంబంధం లేదు. కొన్ని సాంకేతిక విరామాలు బయలుదేరక ముందే నిర్ణయమై ఉంటాయి. ఆకాశంలో ఉండగా నిర్ణయించినవి మాత్రమే అనుకోని విరామాలు.

ఎంత ఇంధనం నింపుతారు

జెట్ విమానాలలో వాడే ఇంధనం బాగా శుద్ధి చేసిన కిరసనాయిలు జాతికి చెందినది. లీటరు బరువు సుమారు 0.8 కిలోలు. వేడినిబట్టి దీని ఘనపరిమాణం మారుతుంది కాబట్టి, విమానంలో లెక్క అంతా లీటర్లలో కాక బరువులోనే వేస్తారు.

ప్రతి ప్రయాణానికీ ఇంధనాన్ని భాగాలుగా లెక్కించి కూడుతారు. నేలపై నడవడానికి కొంత. బయలుదేరిన చోటు నుండి గమ్యం వరకు ఆనాటి గాలుల అంచనా ప్రకారం అయ్యే ఖర్చు మరికొంత. అన్నిటికంటె పెద్ద భాగం ఇదే. అంచనాలు తప్పితే ఆదుకోవడానికి ఆకస్మిక అవసరాల ఇంధనం ఉంటుంది. ఐరోపా నియమాలలో ఇది సాధారణంగా ప్రయాణ ఇంధనంలో 5 శాతం. కొన్ని షరతులకు లోబడి 3 శాతానికి తగ్గించుకోవచ్చు. అమెరికా సంస్థల అంతర్జాతీయ ప్రయాణాలకు ప్రయాణ సమయంలో 10 శాతానికి సరిపడా ఇంధనం ఉండాలన్నది మూల నియమం. గమ్యంలో దిగడం కుదరకపోతే ప్రత్యామ్నాయ విమానాశ్రయానికి వెళ్ళడానికి కావలసినది వేరు. చివరగా, జెట్ విమానం నేల నుండి 1,500 అడుగుల ఎత్తున 30 నిముషాలు చక్కర్లు కొట్టగలిగే ఇంధనం. దీనిని తుది నిల్వ అంటారు.

ఈ తుది నిల్వను అర్థం చేసుకుంటే తక్కిన విషయమంతా సులభమౌతుంది. దీనిని ఖర్చు పెట్టుకోవడానికి కాక, చక్రాలు నేలను తాకే సమయానికి ట్యాంకులలో మిగిలి ఉండడానికే ఉంచుతారు. దిగేసరికి ఇది ముట్టుకోకుండా ఉండదని ముందుగా తెలిస్తే ఆ ప్రయాణాన్ని అలాగే కొనసాగించరాదు. అందుచేత "ఇంధనం చాలదు" అని పైలట్ ప్రకటించినపుడు, ట్యాంకులు ఖాళీ అవుతున్నాయని అర్థం కాదు. గమ్యం పైకి చేరడానికి సరిపోయే ఇంధనం ఉండి కూడా, ఈ నిల్వలకు లోటు వస్తుందన్న కారణంతో విమానాలు మధ్యలో దిగుతాయి.

ట్యాంకులు నిండా ఎందుకు నింపరు

ఇంధనానికీ బరువుంది. ఆ బరువును మోయడానికి మళ్ళీ ఇంధనం కావాలి. అదనంగా తీసుకువెళ్ళే ఇంధనంలో గంటకు సుమారు 3 నుండి 4 శాతం దానిని మోయడానికే ఖర్చవుతుందని ఒక స్థూలమైన లెక్క. అంటే పది గంటల ప్రయాణంలో అదనంగా పోసిన ప్రతి టన్నులో సుమారు మూడవ వంతు గమ్యం చేరకుండానే ఆవిరైపోతుంది. పైగా ప్రతి విమానానికీ ఎగరడానికి ఒక గరిష్ఠ బరువు, దిగడానికి అంతకంటె తక్కువైన మరో గరిష్ఠ బరువు నిర్ణయించి ఉంటాయి. ప్రయాణీకులు, సామాను, సరుకు నిండుగా ఉంటే ఇంధనానికి మిగిలే చోటు తగ్గుతుంది. అటువంటప్పుడు సరుకు తగ్గించాలి, సీట్లు కొన్ని ఖాళీగా వదలాలి, లేదా మధ్యలో ఆగాలి.

మండుటెండలలో గాలి పలుచబడుతుంది. రెక్కలకు లభించే ఎత్తుడు బలం, ఇంజన్ల శక్తి రెండూ తగ్గుతాయి. అదే రన్‌వే నుండి జనవరిలో ఎగరగలిగిన బరువుతో మే నెల మధ్యాహ్నం ఎగరడం సాధ్యం కాకపోవచ్చు. సుదూర విమానాలు చాలావరకు రాత్రి వేళ బయలుదేరడానికి గల కారణాలలో ఇదొకటి.

ఎదురుగాలి లెక్క

భూమి ఉపరితలానికి సుమారు 9 నుండి 12 కిలోమీటర్ల ఎత్తున పడమర నుండి తూర్పుకు వేగంగా ప్రవహించే గాలులను జెట్ ప్రవాహాలు అంటారు. ధ్రువ ప్రాంతపు చల్లని గాలికీ, ఉష్ణమండలపు వెచ్చని గాలికీ మధ్య తేడా ఎంత ఎక్కువైతే ఇవి అంత బలంగా వీస్తాయి. అందుకే శీతాకాలంలో వీటి ఉధృతి ఎక్కువ. విమానాలు ఎగిరే ఎత్తు కూడా సరిగ్గా ఇదే.

బోయింగ్ 757-200 విమానాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. దీని ట్యాంకులలో సుమారు 43,400 లీటర్లు, అంటే 35 టన్నులకు కొద్దిగా తక్కువ ఇంధనం పడుతుంది. గంటకు సుమారు మూడున్నర టన్నులు ఖర్చనుకుంటే ట్యాంకులు నిండుగా ఉన్నప్పటికీ మొత్తం పది గంటల లోపు మాత్రమే గాలిలో ఉండగలదు. బెర్లిన్ నుండి అమెరికాలోని న్యూయార్క్ ప్రక్కనున్న నెవార్క్‌కు దూరం సుమారు 6,400 కి.మీ. విమానపు వేగం గంటకు 850 కి.మీ. అనుకుందాం. గాలి లేనినాడు ఏడున్నర గంటల ప్రయాణం. గంటకు 50 కి.మీ. ఎదురుగాలి ఉంటే నేలపై వేగం 800కు తగ్గి సరిగ్గా 8 గంటలు పడుతుంది. ఎదురుగాలి 100 కి.మీ. అయితే 8 గంటల 32 నిముషాలు. 150 కి.మీ. అయితే 9 గంటల 8 నిముషాలు. దీనికి అర గంట తుది నిల్వ, ప్రత్యామ్నాయ విమానాశ్రయానికి కావలసిన ఇంధనం, నేలపై ఖర్చు కలిపితే పది గంటలు దాటిపోతుంది. అంటే విమానం పాడవలేదు, పైలట్ తప్పు చేయలేదు, ట్యాంకులు నిండుగానే ఉన్నాయి. అయినా ఆ రోజు ఆగక తప్పదు.

పై లెక్కలో మరొక సంగతి గమనించవచ్చు. ఎదురుగాలి మొదటి 50 కి.మీ.కు అర గంట తినివేయగా, మూడవ 50 కి.మీ.కు 36 నిముషాలు తింటున్నది. గాలి పెరిగే కొద్దీ నష్టం అంతకంటె వేగంగా పెరుగుతుంది. పోయేటపుడు ఎదురైన గాలి వచ్చేటపుడు తోడ్పడినా, పోగొట్టుకున్న సమయమంతా తిరిగిరాదు.

అనుకూలమైన గాలి ఎంత మేలు చేస్తుందో చెప్పడానికి 2020 ఫిబ్రవరిలో న్యూయార్క్ నుండి లండన్ వెళ్ళిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 747 మంచి ఉదాహరణ. సియారా తుఫాను కాలంలో వీచిన గాలుల సహాయంతో అది 4 గంటల 56 నిముషాలలో గమ్యం చేరింది. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా తన ఢిల్లీ - శాన్ ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ మీదుగా కాక పసిఫిక్ మీదుగా తూర్పు దిశలో నడిపింది. దూరం సుమారు 1,400 కి.మీ. పెరిగి 15,300 కి.మీ. అయినప్పటికీ, గాలి వెనుకనుండి వీచినందున పద్నాలుగున్నర గంటలలోనే ప్రయాణం ముగిసింది. విమానానికి దూరాన్ని కిలోమీటర్లలో కొలవడం కంటె గాలితో కలిపి గంటలలో కొలవడమే సరియైనది.

గాండర్

కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ ద్వీపంలో ఉన్న గాండర్ విమానాశ్రయం ఇంధన విరామాల చరిత్రలో అన్నిటికంటె ప్రసిద్ధమైనది. 1938లో ప్రారంభమైంది. ఉత్తర అమెరికాలో ఐరోపాకు దగ్గరగా పొడుచుకువచ్చిన భూభాగం కావడంవలన, పంకా ఇంజన్ల విమానాల కాలంలో అట్లాంటిక్ దాటే విమానాలు చాలావరకు ఇక్కడ దిగి ఇంధనం పోయించుకునేవి. ఆవలి ఒడ్డున ఐర్లండ్‌లోని షానన్ ఇదే పని చేసేది. ప్రపంచంలో మొదటి సుంకంలేని విమానాశ్రయ దుకాణం 1947లో షానన్‌లో వెలసింది. ఇంధనం కోసం ఆగిన ప్రయాణీకులు ఊరకే కూర్చుని ఉండడమే దానికి మూలం.

1958 అక్టోబరు 4న బ్రిటిష్ సంస్థ బీ.ఓ.ఏ.సీ. కామెట్ 4 విమానాలతో లండన్, న్యూయార్క్‌ల మధ్య మొట్టమొదటి జెట్ సేవను ప్రారంభించింది. ఆ రోజు రెండు వైపుల నుండీ ఒక్కొక్క విమానం బయలుదేరింది. తూర్పుకు వచ్చినది ఎక్కడా ఆగకుండా ఆరు గంటలకు కొద్దిగా పైన సమయంలో లండన్ చేరింది. పడమరకు వెళ్ళినది గాండర్‌లో ఆగి ఇంధనం నింపుకొనవలసి వచ్చింది. ఒకే రకం విమానం, ఒకే దారి, ఒకే రోజు, తేడా గాలిదే. అదే నెల 26న పాన్ అమెరికన్ సంస్థ న్యూయార్క్ నుండి పారిస్‌కు నడిపిన మొదటి బోయింగ్ 707 కూడా గాండర్‌లో ఆగింది.

దూరం పోగల విమానాలు వచ్చాక గాండర్ ప్రాముఖ్యం తగ్గిపోయింది గాని, దాని అవసరం పూర్తిగా తీరలేదు. 2001 సెప్టెంబరు 11న అమెరికా గగనతలం మూసివేసినపుడు 38 ప్రయాణీకుల విమానాలు ఇక్కడే దిగాయి. గాండర్‌తోపాటు లాబ్రడార్‌లోని గూస్ బే, అమెరికాలోని బాంగర్, ఐస్‌లాండ్‌లోని కెఫ్లావిక్ నేటికీ అట్లాంటిక్ దారిలో ఇంధన విరామాలకు ఉపయోగపడుతున్నాయి.

2011-12 శీతాకాలం

ఆధునిక కాలంలో ఈ విషయం పత్రికలకెక్కినది 2011 డిసెంబరులో. యునైటెడ్, కాంటినెంటల్ సంస్థలు విలీనమైన తరువాత ఐరోపాలోని మధ్యరకపు నగరాలకు కూడా నేరుగా విమానాలు నడిపేవి. అటువంటి నగరాలకు పెద్ద విమానం నిండదు. కనుక ఒకే నడవ ఉండే, 169 సీట్ల బోయింగ్ 757ను వాడారు. పైన వేసిన లెక్కలో చూసినట్లు ఈ విమానానికి ఆ దూరాలు దాదాపు చివరి హద్దు. ఆ డిసెంబరులో ఎదురుగాలులు మామూలుకంటె బలంగా వీచాయి. అమెరికాకు వచ్చిన సుమారు 1,100 ప్రయాణాలలో 43 సార్లు మధ్యలో ఆగి ఇంధనం నింపుకోవలసి వచ్చింది. అంతకు ముందు ఏడాది డిసెంబరులో ఇటువంటి విరామాలు 12 మాత్రమే.

ఈ అంకెలను రెండు విధాలుగా చదవవచ్చు. నూటికి నాలుగు ప్రయాణాలు ఆలస్యం కావడం సంస్థ నిర్లక్ష్యమని కొందరన్నారు. మిగతా తొంభై ఆరు ప్రయాణాలవారికి మారే పని లేకుండా నేరుగా విమానం దొరకడం లాభమే కదా అన్నది సంస్థ వాదన. ఏడాదిలో చెడ్డ రోజులు ఇన్ని ఉంటాయని ముందే తెలిసి, వాటికి సరిపడే పెద్ద విమానం పెట్టాలా, చిన్న విమానంతో ఆ రోజుల కష్టాన్ని భరించాలా అన్నది వ్యాపార నిర్ణయం. ఆ కష్టం ఎవరి మీద పడుతుందన్నదే అసలు ప్రశ్న. తరువాయి విమానం అందుకోలేకపోయిన ప్రయాణీకునికి శాతాలు ఊరట కలిగించవు.

ఇదే ఏడాది మే నెలలో క్వాంటాస్ సంస్థ అమెరికాలోని డల్లస్ నుండి ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌కు 747 విమానాలను ప్రారంభించగా, కొద్ది రోజులలోనే ఎదురుగాలులవలన న్యూ కాలడోనియాలోని నూమియాలో ఇంధన విరామం తప్పలేదు.

ఆగకపోతే

ఇంధన విరామం ఎందుకు గౌరవించదగినదో తెలుసుకోవడానికి, ఆగవలసిన చోట ఆగని విమానాల కథలు చూడాలి.

1990 జనవరి 25న కొలంబియా నుండి న్యూయార్క్‌కు వస్తున్న ఏవియాంకా 52 అనే బోయింగ్ 707ను వాతావరణం బాగులేక, రద్దీ ఎక్కువై, మూడు చోట్ల మొత్తం 1 గంట 17 నిముషాలు గాలిలో చక్కర్లు కొట్టించారు. ప్రత్యామ్నాయంగా అనుకున్న బోస్టన్‌కు వెళ్ళే ఇంధనం ఈలోగా ఖర్చయిపోయింది. పైలట్లు తమకు "ప్రాధాన్యం" కావాలని అడిగారు, ఇంధనం అయిపోతున్నదన్నారు. కాని "అత్యవసరం" అన్న మాట వాడలేదు. నియంత్రణ కేంద్రంలోని వారికి వారి పరిస్థితి తీవ్రత తెలియలేదు. మొదటిసారి దిగే ప్రయత్నం విఫలమై తిరిగి చుట్టి వస్తుండగా ఇంజన్లు ఆగిపోయి, లాంగ్ ఐలండ్‌లోని కోవ్ నెక్ గ్రామంలో కూలిపోయింది. 158 మందిలో 73 మంది మరణించారు. ఇంధనం లేనందున మంటలు మాత్రం చెలరేగలేదు.

2016 నవంబరు 28న బ్రెజిల్‌కు చెందిన షాపెకోయెన్సె ఫుట్‌బాల్ జట్టును తీసుకువెళ్ళిన లామియా సంస్థ అద్దె విమానం కథ మరింత బాధాకరమైనది. బొలీవియాలోని సాంటా క్రూజ్ నుండి కొలంబియాలోని మెడెలిన్‌కు ఆ ప్రయాణం. పథకంలో చూపిన ప్రయాణ సమయం 4 గంటల 22 నిముషాలు. విమానంలోని ఇంధనం సరిపోయే కాలం కూడా 4 గంటల 22 నిముషాలే. అంటే ఆకస్మిక అవసరాలకుగాని, ప్రత్యామ్నాయానికిగాని, తుది నిల్వకుగాని ఒక్క నిముషం కూడా లేదు. దారిలో బొగోటాలో ఆగి ఇంధనం నింపుకునే వీలుండి కూడా ఆగలేదు. మెడెలిన్ సమీపంలో మరొక విమానం దిగేవరకు వేచి ఉండమనగా, ఆ కొద్దిసేపటికే ఇంజన్లు ఆగి కొండను ఢీకొంది. 77 మందిలో 71 మంది మరణించారు. ఒక గంట విరామం ఎంత విలువైనదో ఈ లెక్క చెబుతుంది.

ఇంధనం తగ్గిన ప్రతి సంఘటననూ ఒకే గాటన కట్టరాదు. 1983 జూలై 23న ఎయిర్ కెనడా బోయింగ్ 767 ఆకాశమధ్యంలో ఇంధనం అయిపోయి, ఇంజన్లు లేకుండా తేలుతూ గిమ్లి అనే పాత వైమానిక స్థావరంలో క్షేమంగా దిగింది. అక్కడ కారణం గాలి కాదు, గుణకారం. కెనడా అప్పుడే పౌండ్ల నుండి కిలోలకు మారుతున్నది. లీటర్లను కిలోలుగా మార్చడానికి 0.8కు బదులు పౌండ్లకు వర్తించే 1.77తో గుణించారు. ఫలితంగా కావలసినదానిలో సగంకంటె తక్కువ ఇంధనంతో విమానం బయలుదేరింది. 2001 ఆగస్టు 24న ఎయిర్ ట్రాన్సాట్ 236 విమానంలో ఇంధనం కారిపోయింది. అది అట్లాంటిక్‌లోని అజోర్స్ దీవులలో దిగి 306 మందీ బ్రతికారు. ఇవి ఇంధన విరామాలు కావు.

ఏవియాంకా ప్రమాదంలో కనిపించిన మాటల గందరగోళం చాలాకాలం కొనసాగింది. 2012 నవంబరులో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ సవరణలు రెండు స్పష్టమైన ప్రకటనలను నిర్దేశించాయి. ఇక ఏ మాత్రం ఆలస్యమైనా తుది నిల్వకు లోటు రావచ్చునంటే "మినిమమ్ ఫ్యూయల్" అనాలి. తుది నిల్వకంటె తక్కువతో దిగబోతున్నట్లు లెక్క తేలితే "మేడే, మేడే, మేడే, ఫ్యూయల్" అనాలి. మొదటిది సమాచారం, రెండవది అత్యవసర ప్రకటన. 2019 జూలై 15న ముంబై నుండి ఢిల్లీకి వెళ్తున్న విస్తారా విమానం ఢిల్లీలో వాతావరణం బాగులేక లక్నోకు మళ్ళగా, అక్కడ కూడా దృశ్యత పడిపోయింది. ఈ అత్యవసర ప్రకటన చేసి చివరకు అతి తక్కువ ఇంధనంతో లక్నోలోనే క్షేమంగా దిగింది.

భారతదేశం, గగనతలం మూసివేతలు

దేశంలోపలి ప్రయాణాలలో ఎదురుగాలి సమస్య తక్కువ. ఇక్కడ ఇంధనాన్ని తినేది చక్కర్లు కొట్టడం. శీతాకాలపు ఉదయాలలో గన్నవరంపై పొగమంచు కమ్మితే విజయవాడ విమానాలు కొంతసేపు పైన తిరిగి, మంచు విడకపోతే హైదరాబాదుకు మళ్ళుతాయి. అక్కడ ఇంధనం నింపుకొని, ఎండ వచ్చాక తిరిగి వెళతాయి. ప్రయాణీకులకు ఇది దారి మళ్ళింపుగా తెలుసుగాని, అది ఇంధన విరామం కూడా.

సుదూర విమానాలకు వచ్చిన పెద్ద చిక్కు గగనతలం మూసివేత. 2019 ఫిబ్రవరి చివర నుండి జూలై 16 వరకు పాకిస్తాన్ గగనతలం మూసి ఉంది. ఢిల్లీ నుండి పడమరకు పోయే విమానాలు గుజరాత్, అరేబియా సముద్రం మీదుగా చుట్టి వెళ్ళవలసి వచ్చింది. ఎయిర్ ఇండియా అమెరికా విమానాలు ఇంధనం కోసం మధ్యలో ఆగాయి. ఇండిగో సంస్థ ఢిల్లీ - ఇస్తాంబుల్ విమానాలను దోహాలో ఆపి నడిపింది. జూలై 2 వరకు ఎయిర్ ఇండియాకు కలిగిన నష్టం 491 కోట్ల రూపాయలని ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ భారతీయ సంస్థలకు తన గగనతలాన్ని మరల మూసివేయగా, ఉత్తర అమెరికా విమానాలు కొన్ని వియన్నా, కోపెన్‌హేగన్‌లలో ఆగవలసి వచ్చింది. మొదటి రోజున ఆకాశంలో ఉన్నవారికి ఇవి అనుకోని విరామాలు. కొద్ది రోజులలోనే పట్టికలో చేరి సాంకేతిక విరామాలయ్యాయి.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారి సంఖ్య పెరిగిన కొద్దీ నేరు విమానాల కోరిక కూడా పెరిగింది. 2021 జనవరి 15న ఎయిర్ ఇండియా బోయింగ్ 777-200 ఎల్.ఆర్. విమానంతో హైదరాబాదు - షికాగో సేవ ప్రారంభించింది. 13,000 కి.మీ.కు పైబడిన ఇటువంటి దారులలో విమానపు శక్తికీ అవసరానికీ మధ్య ఎడం తక్కువ.

ఆగిన చోట జరిగేది

నిర్ణయం ఒక్కసారిగా తీసుకోరు. దారిలో నిర్ణీత స్థానాల వద్ద మిగిలిన ఇంధనాన్ని పథకంలోని అంకెతో పోల్చుతారు. నేలపైనున్న డిస్పాచర్ తాజా గాలుల అంచనాలు పంపుతాడు. ఎత్తు మార్చడం, కొద్దిగా వేగం తగ్గించడం, దారి మార్చడం వంటివి ముందు ప్రయత్నిస్తారు. అవి చాలకపోతే, దిగడానికి తుది మాట కెప్టెన్‌దే.

దిగాక ప్రయాణీకులను సాధారణంగా క్రిందికి దించరు. చిన్న విమానాశ్రయాలలో వలస, సుంకపు తనిఖీల సిబ్బంది ఉండకపోవచ్చు. దించి తిరిగి ఎక్కించడానికే గంటకు పైగా పడుతుంది. ఇంధనం నింపే సమయంలో సీటు బెల్టులు విప్పి ఉంచమంటారు, నడవలను ఖాళీగా ఉంచుతారు; అవసరమైతే వెంటనే బయటపడడానికే ఈ ఏర్పాటు. దిగడం, నింపడం, క్రొత్త పత్రాలు, మరల ఎగరడం అన్నీ కలిపి ఒకటి నుండి రెండు గంటల ఆలస్యం సామాన్యం.

అంతకు మించిన ఆలస్యానికి తరచు కారణం ఇంధనం కాదు, సిబ్బంది పని గంటల పరిమితి. ఆ గంటలు దాటేటట్లయితే పైలట్లు మరల ఎగరడానికి వీలులేదు. బదులు సిబ్బంది లేని చోట అది రాత్రి బసగా మారుతుంది. అందువలన దూరం కొద్దిగా ఎక్కువైనా, తమ సిబ్బంది, ఇంధన ఒప్పందం ఉన్న విమానాశ్రయాన్ని సంస్థలు ఎంచుకుంటాయి. అమెరికాలో విమానాన్ని నేలపై నిలిపి ప్రయాణీకులను లోపలే ఉంచడానికి దేశీయ ప్రయాణాలలో 3 గంటలు, అంతర్జాతీయ ప్రయాణాలలో 4 గంటలు పరిమితిగా 2010, 2011 సంవత్సరాలలో నియమాలు వచ్చాయి. ఐరోపా సమాజపు 261/2004 నిబంధన ప్రకారం గమ్యం చేరడంలో 3 గంటలు దాటిన ఆలస్యానికి పరిహారం అడగవచ్చును గాని, అసాధారణ వాతావరణం కారణమని సంస్థ నిరూపిస్తే చెల్లించనక్కరలేదు. భోజనం, బస వంటి సదుపాయాలు మాత్రం కారణం ఏదైనప్పటికీ కల్పించవలసిందే.